‘ఆ రాత్రి ఫోన్ ఎత్తి ఉంటే తను బతికేదా?’

మీరు అడిగింది ముందు నా మాటల్లో ఒకసారి చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీది పదకొండేళ్ల స్నేహం. ఆ రాత్రి పదిన్నరకి తను ఫోన్ చేసింది. మీరు అలిసిపోయి ఉన్నారు, ఎత్తలేదు. ‘రేపు మాట్లాడుకుందాం’ అని మెసేజ్ పెట్టారు. ‘సరే, పడుకో’ అని జవాబిచ్చింది. తెల్లారేసరికి తను ఆత్మహత్యతో చనిపోయిందన్న కబురు వచ్చింది. నాలుగు నెలలైంది. చుట్టూ అందరూ మామూలైపోయారు, మీవల్ల కావడం లేదు. ఇంట్లోవాళ్లు ‘ఫ్రెండే కదా, ఇంకా ఎన్నాళ్లు’ అంటున్నారు. ఫోన్ ఎత్తి ఉంటే తను బతికేదా, పోయిన మనిషి మీద ఇంత కోపం ఎందుకొస్తోంది, వాళ్లమ్మగారిని చూడ్డానికి వెళ్లొచ్చా, ఫోన్‌లో ఉన్న తన మెసేజ్‌లు తీసేయాలా అని అడిగారు.

ఇలా ఆత్మీయుల్ని పోగొట్టుకున్నవాళ్ల పక్కన కూర్చుని మాట్లాడటం ఇరవై ఏళ్లుగా నా వృత్తి. దానికంటే ముందు, ఈ చదువు చదవని రోజుల్లో, ఒకే గదిలో ఉండే స్నేహితుణ్ని నేనూ ఇలాగే పోగొట్టుకున్నాను. అందుకే మీ ఉత్తరంలో మిగతా అన్నిటికంటే ఆ పదిన్నర ఫోన్ దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి.

ఆ రాత్రి మీ చేతిలో ఏముందో ఒకసారి చూడండి. ఒక మిస్డ్ కాల్, రెండు ముక్కల మెసేజ్. పదకొండేళ్లలో మీరు ఎత్తని తన ఫోన్లు, తను ఎత్తని మీ ఫోన్లు ఎన్ని ఉండి ఉంటాయి? అన్నిటికీ మర్నాడు మాట్లాడుకునే ఉంటారు. ఆ లెక్కన ‘రేపు మాట్లాడుకుందాం’ అన్నది నిర్లక్ష్యం కాదు, రేపు ఉంటుందన్న నమ్మకం. స్నేహం నడిచేదే ఆ నమ్మకం మీద. ఈరోజు మీరు ఆ కాల్‌ను చూస్తే అది కేక లాగా వినిపిస్తోంది. ఆ రాత్రి అది మామూలుగానే మోగింది. ఫోన్ మారలేదు, వింటున్న మీకు తెలిసిన సంగతి మారింది.

మనసు ఇలా చేస్తుందని పరిశోధకులు ఎప్పుడో గమనించారు. బరూచ్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వవేత్త 1975లో ఒక ప్రయోగం ప్రచురించారు. జనానికి పాత సంఘటనల వివరాలిచ్చి, కొందరికి చివర ఏం జరిగిందో కూడా చెప్పారు. ముగింపు తెలిసినవాళ్లకు అది ముందునుంచీ కనిపిస్తున్నట్టే, అలాగే జరగక తప్పదన్నట్టే అనిపించింది. అలా అనిపించడానికి కారణం తమకు ముగింపు తెలియడమేనని మాత్రం వాళ్లు గుర్తించలేకపోయారు. మీరిప్పుడు రోజూ రాత్రి చేస్తున్నది ఇదే. చివరి పేజీ చదివేసి, మొదటి పేజీలో ఎందుకు గ్రహించలేదని మిమ్మల్ని మీరు నిలదీసుకుంటున్నారు.

ఇంకో సంగతి కూడా మీకు తెలియాలి. ఎవరు ఆత్మహత్య చేసుకుంటారో ముందుగా చెప్పగలమా అన్న ప్రశ్న మీద యాభై ఏళ్లలో వచ్చిన 365 అధ్యయనాలను ఒకచోట చేర్చి, 2017లో ఒక పెద్ద విశ్లేషణ ప్రచురించారు. మనకు తెలిసిన ప్రమాద కారణాలను బట్టి ఊహించడం, కళ్లు మూసుకుని ఊహించడం కంటే ఏ కాస్తో మెరుగంతే అని తేలింది. దీనర్థం సంకేతాలను పట్టించుకోనక్కర్లేదని కాదు. పట్టించుకోవాలి, అడగాలి. కానీ జీవితమంతా ఇదే చదివినవాళ్లకు అందనిది, నిద్ర కళ్లతో ఉన్న మీకు ఒక ఫోన్ రింగులో అంది ఉండాలని ఎవరు అనగలరు?

‘అయినా ఎత్తి ఉంటే?’ అని మీరు మళ్లీ అడుగుతారు. నాకు తెలుసు, నేనూ అడుక్కున్నాను. ఎత్తి ఉంటే ఆ రాత్రి గడిచేదేమో, గడిచేది కాదేమో. తను మామూలు కబుర్లు చెప్పి పెట్టేసేదేమో కూడా. ఇందులో ఏది జరిగేదో ఎవరికీ తెలియదు. తెలుసని చెప్పి మిమ్మల్ని ఓదార్చను. కానీ ఒక మనిషి ఆ అంచుదాకా రావడం ఒక్క రాత్రిలో, ఒక్క కారణంతో జరగదు. మానసిక అనారోగ్యం, చాలాకాలంగా భరిస్తున్న బాధ, అందరికీ భారమయ్యానన్న తప్పుడు ఆలోచన, అప్పటికప్పుడు ముంచుకొచ్చిన ఒక కష్టం, ఇలాంటివి ఎన్నో కలిసి మనిషిని కమ్మేస్తాయి. ఆత్మహత్యల అధ్యయనానికి పునాది వేసినవాళ్లలో ఒకరైన ఎడ్విన్ ష్నైడ్‌మన్, 1990లలో, దాన్ని భరించలేని మానసిక నొప్పి అన్నారు. ఆ నొప్పిలో చూపు సన్నటి సందులాగా ఇరుకైపోతుంది. ఎంతో ప్రేమించే మనుషులు కూడా ఆ చూపుకు అందరు. తనకు మీరు గుర్తు రాలేదా అని మీకు అనుమానం ఉంటే, దానికి నా జవాబు ఇదే. మీమీద ప్రేమ తక్కువై కాదు. ఆ నొప్పికి చికిత్స ఉంటుంది. చాలామంది ఆ ఘడియ దాటి బయటపడతారు, తర్వాత బతుకుతారు. తను దాటలేకపోయింది. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

నా స్నేహితుడి సంగతి చెప్తాను. ఆ సాయంత్రం తను ‘అలా నడిచొద్దాం రా’ అంటే, మర్నాడు పరీక్ష ఉందని నేను వెళ్లలేదు. ఆ ఒక్క మాటను ఏళ్లతరబడి మోశాను. ఎవరికీ చెప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత తన దగ్గరివాళ్లం అయిదుగురం ఒకచోట కలిశాం. ఆ రాత్రి మొదటిసారి ఒకరికొకరం నోరు విప్పాం. ఒకరు తన దగ్గర తీసుకున్న అప్పు సమయానికి తీర్చలేదట. ఒకరు అందరి ముందూ తనను ఆటపట్టించారట. ఒకరు ఊరు మారాక ఉత్తరాలు తగ్గించేశారట. నా స్నేహితుడి చెల్లెలు ఆ వారంలోనే ఏదో చిన్న విషయానికి గొడవపడి మాట్లాడటం మానేసిందట. నాది ఆ పరీక్ష. అయిదుగురం, అయిదు తప్పులు. ప్రతి ఒక్కరూ తమదే అసలు కారణమని ఖాయం చేసుకుని, మిగతా నలుగురి తప్పులు వింటుంటే ‘అయ్యో, అదేం కారణం!’ అనుకుంటున్నాం. ఆ రాత్రి నేను పరీక్ష సంగతి చెప్పి తలెత్తేసరికి వాళ్ల చెల్లెలు నన్ను జాలిగా చూస్తోంది. నేను ఒక్క క్షణం ముందు తనను చూసిన చూపే అది.

అందుకే అంటున్నాను, తనను ప్రేమించిన ప్రతి ఒక్కరి దగ్గరా ఒక పదిన్నర ఫోన్ ఉంటుంది. మీ దగ్గర ఉన్నట్టే.

తప్పు నాదే అనుకోవడంలో మనసుకు ఒక ఆసరా కూడా ఉంది, అది గమనించుకోండి. నా తప్పు అయితే, నేను ఆపగలిగేదాన్నే అన్నమాట. అంటే లోకం ఇంకా నా చేతిలో ఉన్నట్టే. నా చేతిలో ఏమీ లేదు అని ఒప్పుకోవడం అంతకంటే భయంకరం. అందుకని చాలామంది నిస్సహాయతకంటే నేరభావాన్నే ఎంచుకుంటారు, తెలియకుండానే. దాన్ని ఒక్కరోజులో దింపమని చెప్పను. కనీసం ఒక మనిషికి, నోటితో, మొత్తం కథ చెప్పండి. మెసేజ్‌లో కాదు. ఎదురుగా కూర్చుని, ‘పదిన్నరకి ఫోన్ చేసింది, ఎత్తలేదు’ అని. లోపల తిరిగినంతసేపూ పెరిగేది, బయటికి చెప్పాక తన అసలు సైజుకు వస్తుంది.

కోపం గురించి. వస్తుంది, రానివ్వండి. ‘నాకు ఒక్క మాట చెప్పలేదు’, ‘సరే, పడుకో అని అబద్ధం చెప్పింది’ అని మీరు రాశారు. ఈ కోపానికి సిగ్గుపడాల్సిన పని లేదు. మిమ్మల్ని వదిలి వెళ్లిన మనిషీ, మీరు ఎవరికోసం ఏడుస్తున్నారో ఆ మనిషీ ఒకరే కావడం ఈ దుఃఖంలో ఉన్న ప్రత్యేకమైన కష్టం. ఒకే పూటలో తనమీద అరవాలనీ, తనను ఎత్తుకుని ఏడవాలనీ అనిపిస్తుంది. రెండూ నిజమే. ఒక కాగితం తీసుకుని తనకే తిట్లతో ఉత్తరం రాసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. చివరికి వచ్చేసరికి ఆ ఉత్తరాలు తిట్లుగా మిగలవు.

ఇక ‘ఫ్రెండే కదా’ అన్న మాట. మీ ఇంట్లోవాళ్లు చెడ్డవాళ్లని కాదు, మీరు ఇలా నలిగిపోతుంటే చూడలేక అంటున్నారు. కానీ ఆ మాట తప్పు. లోకం గుర్తించని దుఃఖం అంటూ ఒకటుందని కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లోనే రాశారు. భార్యో, బిడ్డో, అమ్మో పోతే సెలవిస్తారు, పలకరిస్తారు. స్నేహితురాలు పోతే మర్నాడు పనికి వెళ్లాలి, పైగా నవ్వుతూ. దుఃఖం బంధుత్వాన్ని బట్టి రాదు, దగ్గరితనాన్ని బట్టి వస్తుంది. వెనకటికి ఒక ఆత్మహత్య వల్ల ఆరుగురు కదిలిపోతారని ష్నైడ్‌మన్ ఒక అంచనా చెప్పారు, అంటే దాదాపు కుటుంబం. 2018లో జూలీ సెరెల్ బృందం లెక్క చూస్తే, పోయిన ఒక్కొక్కరినీ ఎరిగినవాళ్లు, ఆ వార్త తగిలినవాళ్లు సుమారు 135 మంది అని తేలింది. వాళ్లలో స్నేహితులున్నారు, సహోద్యోగులున్నారు, పక్కింటివాళ్లున్నారు. మీరు లెక్కలోనే ఉన్నారు.

మొదట నమ్మకపోవడం, తర్వాత కోపం, తర్వాత బేరం, తర్వాత దిగులు, ఆఖరికి ఒప్పుకోలు అని అయిదు మెట్లు చెప్తారు కదా, మీరు ఏ మెట్టు మీద ఉన్నారని అడిగారు. దాన్ని వదిలేయండి. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే సైకియాట్రిస్టు 1969లో ఆ మెట్లు చెప్పిన పుస్తకం రాసింది, తామే చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి. దాన్ని వెనక మిగిలినవాళ్ల దుఃఖానికి తర్వాత అంటగట్టారు. దుఃఖం మెట్లు ఎక్కదు. నాకు ఎక్కువ నిజమనిపించేది 1999లో మార్గరెట్ స్ట్రూబ, హెంక్ షుట్ అనే పరిశోధకులు చెప్పిన మాట. మనిషి ఒక పూట పోయినవాళ్ల వైపు, ఒక పూట బతుకు వైపు, అటూ ఇటూ ఊగుతూ ఉంటాడు, ఆ ఊగడమే ఆరోగ్యం అని. మొన్న పనిలో ఎవరో ఏదో అంటే పగలబడి నవ్వేసి, వెంటనే బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చానని రాశారు. అది ద్రోహం కాదమ్మా. అది ఊపిరి తీసుకోవడం.

ఇప్పుడు మీ గురించి నేరుగా ఒకటి అడుగుతాను. మీకు చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా? ఇలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు, పరిశోధనలు ఆ మాటే చెబుతున్నాయి. ఉన్నవాళ్లకు చెప్పుకునే దారి దొరుకుతుంది. నేను అడగడానికి కారణం ఉంది. బ్రిటన్‌లో అలెగ్జాండ్రా పిట్‌మన్ బృందం 18 నుంచి 40 ఏళ్ల మధ్యనున్న 3,432 మందిని అడిగి, 2016లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లంతా దగ్గరివాళ్లను పోగొట్టుకున్నవాళ్లు. హఠాత్తుగా జబ్బు చేసి పోయినవాళ్ల ఆత్మీయులతో పోలిస్తే, ఆత్మహత్యతో పోయినవాళ్ల ఆత్మీయులు తామూ ఆ ప్రయత్నం చేసే అవకాశం 65 శాతం ఎక్కువని తేలింది. రక్తసంబంధమా, స్నేహమా అన్న తేడా అక్కడ లేదు. ఎక్కువమంది అలా చేయరు, ఇది ఎవరి తలరాతా కాదు. కానీ మిమ్మల్ని ‘ఫ్రెండే కదా’ అని వదిలేయకూడదు అనడానికి నాకు ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

‘తన దగ్గరికే వెళ్లిపోతే బాగుండు’ అని ఎప్పుడో ఒకసారి అనిపించడం వేరు. అది తరచుగా వస్తుంటే, ఎలా అన్నది కూడా మనసులో మెదులుతుంటే, ఈరోజే ఎవరికైనా చెప్పండి. ఒంటరిగా ఉండకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. భారతదేశంలో అయితే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. వేరే దేశంలో ఉంటే అక్కడా ఇలాంటి నంబర్ ఉంటుంది, ఈ రాత్రికి వెతికి ఫోన్‌లో వేసుకోండి. ఆ ఆలోచనలు లేకపోయినా, నిద్ర ఇంకా పట్టకపోతే, తను పోయిన దృశ్యం పదేపదే కళ్లముందు ఆడుతుంటే, సైకాలజిస్టును కలవడానికి నాలుగు నెలలు తొందరేమీ కాదు. ఆ దృశ్యాలకు ప్రత్యేకమైన చికిత్సలున్నాయి. ఎలా జరిగిందన్న వివరాలు ఎవరైనా చెప్పబోతే ‘నాకొద్దు’ అనే హక్కు మీకుంది. తెలుసుకోవడం స్నేహధర్మమేమీ కాదు.

మాట వచ్చింది కాబట్టి, నన్ను ఎప్పుడూ గుచ్చే విషయం ఒకటి. ‘ఆత్మహత్య’ అన్న మాటలోనే హత్య ఉంది. వార్తల్లో ‘ఆత్మహత్యకు పాల్పడింది’, ‘అఘాయిత్యం చేసుకుంది’ అని రాస్తారు. పాల్పడటం అనే మాట మనం దొంగతనానికీ, మోసానికీ వాడేది. అది చదివిన ప్రతిసారీ తనవాళ్లు ముద్దాయిల్లా తలదించుకుంటారు. మీరు తన గురించి చెప్పేటప్పుడు ‘ఆత్మహత్యతో చనిపోయింది’ అనండి, లేదా ఉత్తినే ‘చనిపోయింది’ అనండి. దాచమని కాదు. అడిగితే నిజమే చెప్పండి, తలదించుకోకుండా.

వాళ్లమ్మగారి దగ్గరికి వెళ్లొచ్చా అన్నారు. వెళ్లండి. మొదటి రోజుల్లో ఇంటినిండా మనుషులుంటారు. నాలుగో నెలలో ఎవరూ రారు. పైగా ఇలాంటి చావు జరిగిన ఇంటికి ఏం మాట్లాడాలో తెలియక జనం మొహం చాటేస్తారు. ముందు ఫోన్ చేసి ‘ఆంటీ, మిమ్మల్ని చూడాలని ఉంది, ఎప్పుడు రమ్మంటారు’ అని అడగండి. వద్దంటే నొచ్చుకోకండి, ఒక నెల పోయాక మళ్లీ అడగండి.

వెళ్లాక తన పేరు పలకండి. మన నోటినుంచి ఆ పేరు వస్తే ఆవిడ బాధపడతారని అందరం భయపడతాం. ఆవిడకు అది ఇరవై నాలుగ్గంటలూ లోపల మోగుతూనే ఉంది. బయట ఎవరూ పలకకపోవడమే నరకం. ఆవిడకు తెలియని ఒక్క చిన్న సంగతి తీసుకెళ్లండి. మొదటి జీతం వచ్చిన రోజు తనేం చేసిందో, వర్షంలో ఇద్దరూ ఎక్కడ ఇరుక్కుపోయారో, వాళ్లమ్మ గురించి మీతో ఏమని గొప్పలు చెప్పుకునేదో. కూతురి జీవితంలో ఆవిడ చూడని భాగం మీ దగ్గర ఉంది. అది ఇంకెవరూ ఇవ్వలేరు.

‘ఇప్పుడు ప్రశాంతంగా ఉండి ఉంటుంది’ అనకండి. ‘అంతా మన మంచికే’ అనకండి. ఎందుకిలా చేసిందని అడగకండి, మీ ఊహలు చెప్పకండి. మాట రాకపోతే పక్కన కూర్చోండి చాలు.

ఆవిడే ఒక మాట అడగొచ్చు, దానికి సిద్ధపడి వెళ్లండి: ‘నీకేమైనా చెప్పిందామ్మా?’ అప్పుడు ఆ ఫోన్ సంగతి దాచకండి. ‘ఆ రాత్రి చేసింది ఆంటీ, నేను ఎత్తలేదు, మెసేజ్ పెట్టాను, సరే పడుకో అంది’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రేపు ఇంకోలా తెలిస్తే ఆవిడకు రెండోసారి గాయమవుతుంది. కానీ క్షమాపణ సంపాదించుకోవడానికని వెళ్లకండి. మిమ్మల్ని ఓదార్చే పని ఆవిడ మీద పెట్టకండి, ఆ ఏడుపుకు ఇంకెవరినైనా చూసుకోండి. ఒకవేళ ఆవిడ కోపంతో ఏదైనా అంటే, అది మీకు శిక్ష అనుకోకండి. ఆవిడ దగ్గర కూడా ఒక పదిన్నర ఫోన్ ఉంది. బహుశా మీదానికంటే బరువైనది.

ఇక మెసేజ్‌లు. తీసేయకండి. కనీసం ఈ ఏడాది వద్దు. పోయినవాళ్లతో బంధం తెంచుకుంటేనే మనిషి కోలుకుంటాడని ఒకప్పుడు అనుకునేవాళ్లు. 1996లో డెనిస్ క్లాస్, మరికొందరు పరిశోధకులు కలిసి ఆ నమ్మకాన్ని తిరగదోడారు. బంధం పోదు, రూపం మార్చుకుని ఉంటుంది, దానివల్ల నష్టం లేదు అన్నారు. నేను చూసిందీ అదే. అయితే రోజూ రాత్రి ఆ చివరి రెండు లైన్లే తెరుస్తున్నారని రాశారు. అది ఆపాలి. ఆ చాట్‌ను కనబడకుండా ఆర్కైవ్‌లో పెట్టండి. చూడాలనిపించినప్పుడు పగటిపూట చూడండి, ఎవరైనా ఇంట్లో ఉన్నప్పుడు. చివరినుంచి కాదు, మొదటినుంచి. పదకొండేళ్ల మాటలున్నాయి అందులో. ఆ రెండు లైన్లు వాటిలో రెండు లైన్లే.

ఫోన్లు పాడవుతాయి, మారతాయి. పాత చాట్ రాలేదని గుండెలు బాదుకున్నవాళ్లను చూశాను. అందుకని ఈ ఆదివారం కూర్చుని మొత్తం చాట్‌ను, ఫోటోలను, ముఖ్యంగా తన గొంతు ఉన్న వాయిస్ మెసేజ్‌లను ఇంకో రెండుచోట్ల కాపీ చేసుకోండి. ఒక్కరే చేయకండి, మీ అన్నయ్యను పక్కన కూర్చోమనండి. తన నవ్వు వినిపించే వాయిస్ మెసేజ్ ఒక్కటి దొరికితే విడిగా పెట్టుకోండి. వాళ్లమ్మగారు ఎప్పుడైనా అడిగితే ఇవ్వడానికి.